మాట మార్చని కవాటం

రైలు ఎలా ఆగుతుందని అడిగితే మనలో చాలామందిమి చెప్పే జవాబు ఒకటే. డ్రైవరు బ్రేకు వేస్తాడు, గాలి వెళ్లి చక్రాలను అదిమి పట్టుకుంటుంది, బండి ఆగుతుంది. వినడానికి సబబుగానే ఉంది. అసలు సంగతి మాత్రం దానికి తలకిందులు. బండి పరుగెత్తుతున్నంతసేపూ బ్రేకు పైపు నిండా గాలి ఉంటుంది. ఆపాలనుకున్నప్పుడు ఆ గాలిని బయటికి వదిలేస్తారు. వదిలితే బ్రేకు పడుతుంది, మళ్లీ నింపితే బ్రేకు విడుతుంది. ఎందుకిలా అంటారా? చెబుతాను. ముందుగా ఇవాళ్టి మన కబుర్లకు కారణమైన పరికరాన్ని పరిచయం చేయనివ్వండి. దాని పేరు రిలే వాల్వు. ఇంజనులో గొట్టాల మధ్య బిగించి ఉండే ఓ లోహపు డబ్బా. ప్రయాణికుల కంట పడే వస్తువు కాదు, టైంటేబుల్లో దాని ఊసు ఉండదు. కానీ పొడవాటి బండి ఏదైనా సరే, చెప్పిన చోట చెప్పినట్టు ఆగుతోందంటే అందులో దీని చలవ చాలా ఉంది.

అరకు వెళ్లినవాళ్లకు కొత్తవలస–కిరండూల్ లైను తెలుసు. సొరంగాలు, లోయలు, వంతెనలు చూసుకుంటూ పైకి వెళతాం. అవే పట్టాల మీద బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం విశాఖ వైపు కిందికి దిగుతుంది. శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి అనంతగిరి కొండల మలుపుల్లో మైదానానికి దిగాలి. మామూలుగా మనం చూసే 58 వ్యాగన్ల గూడ్సు బండి అలాంటి వాలులో దిగుతోందనుకోండి. సరుకుతో ఒక్కో వ్యాగను 80 టన్నుల పైన ఉంటుంది. అంతా కలిపితే 4,600 టన్నులు దాటుతుంది. పొడవు 600 మీటర్ల పైచిలుకు. ఈ బరువంతా లోకో పైలట్ చేతి కింద ఉన్న ఒక పిడి మాట వినాలి. ఆ పిడిని తిప్పడానికి కండబలం అక్కర్లేదు, పసిపిల్లలైనా తిప్పగలరు. ఇంత చిన్న కదలిక అంత పెద్ద బరువును ఎలా కట్టడి చేస్తోందన్నదే మన ప్రశ్న.

ఈ తలకిందుల పద్ధతి ఎలా పుట్టిందో ముందు చెప్పుకుందాం. 1869లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ అనే అమెరికా యువకుడు గాలి బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి అతని వయసు 22. ఆ మొదటి పద్ధతి మనం అనుకునే తీరులోనే ఉండేది: ఇంజను నుంచి గాలి పంపిస్తే పెట్టెల కింద సిలిండర్లు నిండి బ్రేకు పడేది. పొట్టి బండ్లకు పనికొచ్చింది. కానీ మధ్యలో గొట్టం తెగితే? పంపిన గాలి దారిలోనే పోయేది, వెనక పెట్టెలకు బ్రేకు అన్నది ఉండేదే కాదు. దాంతో మూడు నాలుగేళ్లలోనే అతను ఆలోచనను తిరగేశాడు. ప్రతి పెట్టె కిందా ఒక గాలి ట్యాంకు పెట్టాడు. పైపులో గాలి ఉన్నంతసేపూ బ్రేకు విడిచి ఉండాలి, పైపులో గాలి తగ్గితే పెట్టె తన సొంత ట్యాంకులోంచి గాలి తీసుకుని తానే బ్రేకు వేసుకోవాలి. గొట్టం తెగినా, కప్లింగు ఊడినా, పైపు పగిలినా ఫలితం ఒక్కటే, బండి ఆగడం.

ఈ తేడా ఎంతటిదో 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా పట్టణం దగ్గర లోకానికి తెలిసొచ్చింది. ఆదివారపు బడి పిల్లలతో కిక్కిరిసిన విహారయాత్ర బండి ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. వెనక పెట్టెలను విడదీసి ముందు భాగాన్ని తీసుకెళదామనుకున్నారు. ఆ బండికి ఉన్న బ్రేకు ఇంజనుతో కలిసి ఉంటేనే పని చేసే రకం. విడదీయగానే వెనక పెట్టెలకు ఆ బ్రేకు లేకుండా పోయింది. అవి వాలులో వెనక్కి దొర్లి, అదే దారిన వస్తున్న మరో బండిని గుద్దుకున్నాయి. దాదాపు 80 మంది చనిపోయారు, వాళ్లలో పిల్లలు ఎందరో. తెగితే తనంతట తానే పడే బ్రేకు ప్రయాణికుల బండ్లన్నిటికీ ఉండి తీరాలని బ్రిటిష్ పార్లమెంటు ఆ ఏడాదే చట్టం చేసింది. గాలి వదిలి బండిని ఆపడం విడ్డూరంగా అనిపిస్తే ఆర్మాను గుర్తు చేసుకోండి. ఆ విడ్డూరం వెనక ఉన్నది ప్రాణాల లెక్క.

ఇక మన బండి కిందికి వద్దాం. ప్లాట్‌ఫాం మీద నిలబడి రెండు పెట్టెల మధ్యకు చూస్తే రబ్బరు గొట్టాలు వేలాడుతూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఆకుపచ్చ రంగు గుర్తున్నది బ్రేకు పైపు. తెల్లరంగు గుర్తున్నది ఫీడు పైపు. బ్రేకు పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల పీడనం ఉంటుంది. రైల్వే వాళ్లు క్లుప్తంగా 5 కిలోలు అంటారు, మనమూ అలాగే అందాం. ఫీడు పైపులో 6 కిలోలు. దాని ముఖ్యమైన పని ట్యాంకులను నిండుగా ఉంచడం. చాలా గూడ్సు బండ్లకు బ్రేకు పైపు ఒక్కటే ఉంటుంది.

మామూలు వ్యాగను కింద డిస్ట్రిబ్యూటర్ వాల్వు ఒకటి, 6 లీటర్ల కంట్రోల్ ట్యాంకు, 100 లీటర్ల సహాయక ట్యాంకు, 355 మిల్లీమీటర్ల బ్రేకు సిలిండరు ఉంటాయి. మొదట నింపిన 5 కిలోల పీడనాన్ని కంట్రోల్ ట్యాంకు గుర్తు పెట్టుకుంటుంది. పైపులో పీడనం తగ్గగానే డిస్ట్రిబ్యూటర్ వాల్వు ఆ రెంటినీ పోల్చి, తేడాను బట్టి సహాయక ట్యాంకు గాలిని సిలిండరులోకి వదులుతుంది. పైపులో కిలోన్నర తగ్గితే సిలిండరులో 3.8 కిలోలు చేరతాయి. ఆ సిలిండరు వైశాల్యం దాదాపు 990 చదరపు సెంటీమీటర్లు. 3.8తో గుణించండి. ఒక్క పిస్టను మీద 3,700 కిలోలకు పైగా తోపు వస్తుంది. మీటలు ఆ బలాన్ని ఇంకా పెంచి చక్రాలకు అందిస్తాయి. అంటే చక్రాలను పట్టే బలం వ్యాగను కిందే సిద్ధంగా ఉంది. ఇంజను నుంచి వెళ్లాల్సింది మాట ఒక్కటే: పైపులో ఇంత తగ్గించు, లేదా ఇంత నింపు.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆ మాట పంపడం అంత తేలిక కాదు. బ్రేకు పైపు లోపలి వ్యాసం సుమారు 32 మిల్లీమీటర్లు. 620 మీటర్ల బండిలో ఆ పైపు ఒక్కటే దాదాపు 500 లీటర్లు పడుతుంది. పీడనాన్ని కిలోన్నర తగ్గించాలంటే బయటి వాతావరణం లెక్కన 750 లీటర్ల గాలిని బయటికి పంపాలి. నింపడం ఇంకా పెద్ద పని. 58 వ్యాగన్ల సహాయక ట్యాంకులు కలిపి 5,800 లీటర్లు. ఖాళీగా ఉన్నవాటిని 5 కిలోలకు తేవాలంటే 29,000 లీటర్ల బయటి గాలిని కుదించి ఎక్కించాలి. ఇంత గాలి లోకో పైలట్ చేతి పిడిలోంచే పోవాలంటే ఆ పిడి వాల్వుకు పెద్ద పెద్ద దారులు కావాలి, వాటిని తెరిచి మూయడానికి మనిషి రెండు చేతులా మల్లాడాలి. 4.5 దగ్గర ఆపాలి, 4.3 దగ్గర ఆపాలి అంటే ఇక ఆశ వదులుకోవాల్సిందే. సున్నితంగా కొలిచే వాల్వు పెద్ద ధారను వదలలేదు, పెద్ద ధారను వదిలే వాల్వు సున్నితంగా కొలవలేదు. రెంటినీ ఒకే పరికరంలో ఇమడ్చాలని చూడటమే పొరపాటని ఇంజనీర్లు గ్రహించారు. మాట చెప్పే గాలిని వేరు చేశారు, పని చేసే గాలిని వేరు చేశారు. ఆ రెండూ కలుసుకునే చోట రిలే వాల్వును కూర్చోబెట్టారు.

దాన్ని విప్పి లోపల చూద్దామా? మధ్యలో గుండ్రటి రబ్బరు పొర ఒకటి అడ్డంగా బిగించి ఉంటుంది. దాన్ని డయాఫ్రమ్ అంటారు. ఈ పొరకు ఒక పక్కన లోకో పైలట్ పిడి నుంచి వచ్చే కొద్దిపాటి గాలి ఉంటుంది. రెండో పక్కన బ్రేకు పైపు గాలి ఉంటుంది. పొర మధ్యలో ఒక బోలు కాడ నిలబడి ఉంటుంది. కాడ కొసకు ఎదురుగా స్ప్రింగు తోపుతో మూసుకుని ఉండే సప్లై వాల్వు ఉంటుంది. ఆ వాల్వు వెనక కంప్రెసరు నింపిన మెయిన్ రిజర్వాయరు గాలి, 8 నుంచి 10 కిలోల పీడనంతో, ఎప్పుడు తలుపు తీస్తారా అని కాచుకుని ఉంటుంది. చాలా రిలే వాల్వుల కట్టుబాటు ఇదే. చిన్న చిన్న తేడాలు కంపెనీని బట్టి ఉంటాయి.

ఈ పొరను తక్కెడ అనుకోండి. ఒక పళ్లెంలో మాట గాలి, ఇంకో పళ్లెంలో బ్రేకు పైపు గాలి. మాట గాలి బరువైతే పొర అటు వంగి, కాడ వెళ్లి సప్లై వాల్వును నెడుతుంది. వాల్వు తెరుచుకుని మెయిన్ రిజర్వాయరు గాలి బ్రేకు పైపులోకి ఉరుకుతుంది. పైపు పీడనం పెరుగుతున్న కొద్దీ రెండో పళ్లెం బరువెక్కి పొర వెనక్కి వస్తుంది. సమానం కాగానే సప్లై వాల్వు మూసుకుంటుంది. ఒకవేళ మాట గాలి తగ్గితే? పొర ఇటు వంగుతుంది, కాడ కొస వాల్వును వదిలి వెనక్కి జరుగుతుంది, కాడ బోలు నోరు తెరుచుకుంటుంది. పైపు గాలి ఆ బోలులోంచి బయటికి దూసుకుపోతుంది. మళ్లీ రెండూ సమానం కాగానే నోరు మూసుకుంటుంది. నింపే దారీ, వదిలే దారీ రెండూ మూసుకుని ఉండే ఆ నడిమి స్థితిని ల్యాప్ అంటారు.

రిలే వాల్వు గొప్పతనం ఏమిటంటే చాలామంది బలాన్ని పెంచడం అంటారు. నాకు మాత్రం దాని అసలు గొప్పతనం ఆ ల్యాప్ దగ్గర కనిపిస్తుంది. పెద్ద ధారను తెరవడం ఎవరైనా చేస్తారు. చెప్పినంత అయ్యాక నిక్కచ్చిగా ఆగడం ఉందే, అదీ పనితనం. పిడి 4.5 అంటే పైపు 4.5కే వస్తుంది. అధికారం చేతిలో ఉంది కదా అని 4.2కి పోదు, బద్ధకించి 4.8 దగ్గర ఆగదు. అందుకున్న మాటను మార్చకుండా, దానికి బలం మాత్రమే చేర్చి అవతలికి అందిస్తుంది.

మన ఇంజన్లలో ఇది ఎలా నడుస్తుందో చూద్దాం. దేశంలో ఏళ్ల తరబడి వాడుకలో ఉన్న ఏర్పాటులో లోకో పైలట్ చేతి కింద ఉండే బ్రేకు వాల్వును ఏ-9 అంటారు. బండి మొత్తానికి బ్రేకు వేసేది అదే. ఇంజనుకు మాత్రమే బ్రేకు వేసేది ఎస్ఏ-9. ఏ-9 పంపే మాటను అందుకునేది సీ-2 రిలే వాల్వు. బండి పరుగులో ఉంది, మీటరు ముల్లు 5 దగ్గర ఉంది. ముందు వేగం తగ్గించాల్సిన చోటు వచ్చింది. లోకో పైలట్ పిడిని మొదటి మెట్టుకు తిప్పుతాడు. ఏ-9 తన చిన్న గొట్టంలో పీడనాన్ని అర కిలో తగ్గిస్తుంది. ఆ గొట్టంలో ఉన్న గాలే కొంచెం కాబట్టి ఈ పని చిటికెలో అయిపోతుంది. సీ-2లో పొర ఒక పక్క తేలికై వంగుతుంది. ఎగ్జాస్టు, అంటే గాలి బయటికి పోయే దారి, తెరుచుకుని బుస్సుమంటుంది. ముల్లు 5 నుంచి కిందికి జారడం మొదలెడుతుంది. మొదట జోరుగా, తరువాత నెమ్మదిగా, 4.5 దగ్గరికొచ్చేసరికి ఆ బుస సన్నబడి సన్నబడి ఆగిపోతుంది. లోకో పైలట్ ఈపాటికి పిడిని వదిలేసి పట్టాల మీద చూపు పెట్టి ఉంటాడు. మిగతా పని వాల్వు చూసుకుంది.

ఆ బుస ఎంతసేపు సాగిందన్నది అనుభవజ్ఞుల చెవికి ఒక లెక్క. పొడవాటి బండైతే పైపులో గాలి ఎక్కువ కాబట్టి బుస ఎక్కువసేపు సాగుతుంది. పొడవాటి బండిని నడుపుతూ ఉండగా బుస ఠక్కున ఆగిపోయిందంటే అనుమానించాలి. మధ్యలో ఎక్కడో, పైపును తెరిచి మూసే యాంగిల్ కాకు మూసుకుపోయి, పైపు అక్కడితో తెగినట్టయి ఉండవచ్చు. రిలే వాల్వు ఎంత నమ్మకస్థుడైనా మూసిన కాకు అవతలికి దాని మాట చేరదు. 1953 జనవరి 15న అమెరికాలో ఫెడరల్ ఎక్స్‌ప్రెస్‌కు జరిగింది ఇదే. దారిలో మూడో పెట్టె దగ్గర యాంగిల్ కాకు మూసుకుపోయింది. వాషింగ్టన్ యూనియన్ స్టేషన్‌కు వస్తూ బ్రేకు వేస్తే ఇంజనుకూ ముందు మూడు పెట్టెలకూ మాత్రమే అందింది. బండి ఆగక స్టేషను లోపలికి దూసుకొచ్చింది, నేల కుంగి ఇంజను కింది అంతస్తులో పడింది. ముందుగా కబురు అంది జనాన్ని ఖాళీ చేయించారు గనుక ఒక్క ప్రాణం కూడా పోలేదు. మన దగ్గర బయలుదేరే ముందు చివరి పెట్టె దాకా పీడనం చేరిందో లేదో చూసే నియమం ఇందుకే. ఇంజను దగ్గర 5 ఉంటే వ్యాగన్లు 56 దాటిన బండి చివర 4.7 అయినా ఉండాలి.

నెమ్మదిగా సన్నబడి ఆగడం అన్నానే, అందులో ఇంకో కిటుకుంది. పాతకాలంలో డ్రైవరే పైపును తెరిచి, ఇంత చాలనుకుని టక్కున మూసేసేవాడు. ముందు పెట్టెల దగ్గర పీడనం తగ్గిపోయి ఉండేది, వెనక పెట్టెల దగ్గర ఇంకా ఎక్కువే. బయటికి పోయే దారి మూయగానే ఆ వెనక గాలంతా ముందుకు వచ్చిపడేది. అప్పుడు ముందు పెట్టెల దగ్గర పీడనం మళ్లీ పెరిగి, వాటి బ్రేకులు విడిపోయేవి. వెనక పెట్టెలు పట్టుకుని, ముందు పెట్టెలు వదిలేసి పరుగెడితే మధ్యలో కప్లింగులు తెగుతాయి. అందుకని వెస్టింగ్‌హౌస్ కంపెనీ వాళ్లు డ్రైవరు వాల్వుకు ఒక చిన్న ట్యాంకును, దానితో పైపు పీడనాన్ని పోల్చే పిస్టనును తగిలించారు. డ్రైవరు చిన్న ట్యాంకులో తగ్గిస్తే, పిస్టను పైపును దానితో సమానం చేసి మెల్లగా మూసేది. ఈనాటి రిలే వాల్వులో ఉన్న సూత్రం అదే.

గాలి కబురు కూడా ఒక వేగంతోనే నడుస్తుంది. సెకనుకు దాదాపు 340 మీటర్ల ధ్వని వేగాన్ని అది దాటలేదు. మంచి డిస్ట్రిబ్యూటర్ వాల్వులు ఉన్న బండిలో బ్రేకు కబురు సెకనుకు 250 మీటర్లకు పైగా పోతుంది. అంటే 620 మీటర్ల బండి తోకకు చేరడానికి రెండున్నర సెకన్లు. ఆ వ్యవధిలో ముందు వ్యాగన్లు గట్టిగా పట్టేస్తే వెనకవి వచ్చి గుద్దుకుంటాయి. 1886, 1887లలో అమెరికాలోని బర్లింగ్టన్ దగ్గర 50 వ్యాగన్ల బండ్లతో జరిగిన పరీక్షల్లో ఈ గుద్దుళ్లు బయటపడ్డాకే వెస్టింగ్‌హౌస్ తన వాల్వును కబురు త్వరగా మోసేలా మార్చాడు. మన గూడ్సు బండ్లలో సిలిండరు నిండటానికి 18 నుంచి 30 సెకన్లు, ఖాళీ కావడానికి 45 నుంచి 60 సెకన్లు పట్టేలా కావాలనే నిదానం పెట్టారు. ప్రయాణికుల బండ్లలో నిండటానికి 3 నుంచి 5 సెకన్లే.

ఇప్పుడు మళ్లీ అనంతగిరి వాలుకు వెళదాం, రిలే వాల్వు ఎందుకు ప్రాణం లాంటిదో అక్కడ ఇంకా బాగా తెలుస్తుంది. ఇంత పొడవున గొట్టాలు, అతుకులు, వాషర్లు ఉన్నప్పుడు ఎక్కడో ఒక చోట గాలి కారక మానదు. కొండ దిగుతూ బ్రేకును ఓ మోస్తరుగా వేసి పట్టుకోవాలి. పైపును 4.3 దగ్గర పెట్టారనుకుందాం. లీకుల వల్ల అది 4.2, 4.1, 4 అంటూ పడిపోతే ఎవరూ వేయకుండానే బ్రేకు బిగిసిపోతుంది. బండి వాలులో నిలిచిపోతుంది. విడిపించి మళ్లీ నింపుదామంటే అదో పెద్ద తతంగం, అంతసేపూ బరువు కిందికి లాగుతూనే ఉంటుంది. రిలే వాల్వు ఉన్న బండిలో ఆ బాధ తగ్గింది. లీకు వల్ల పైపులో పీడనం కొంచెం తగ్గగానే తక్కెడ వంగుతుంది, తగ్గినంత గాలిని సప్లై వాల్వు పూడుస్తుంది, మళ్లీ మూసుకుంటుంది. ఎవరూ చెప్పకుండానే కొండ దిగినంతసేపూ ఈ పని సాగుతూ ఉంటుంది. ఇంజను మోటార్లతో పట్టే కరెంటు బ్రేకు కూడా దీనికి తోడుంటుంది.

ఈ మంచి గుణంలోనే జాగ్రత్త పడాల్సిన సంగతి ఒకటుంది. రిలే వాల్వు లీకును పూడుస్తుంది సరే, ఆ లీకు కావాలని పెట్టినదైతే? రైల్లో చైను లాగితే ఏమవుతుందో చూడండి. ఆ పెట్టె దగ్గర బ్రేకు పైపుకు చిన్న దారి తెరుచుకుని గాలి బయటికి పోతుంది. ఇంజనులో రిలే వాల్వు దాన్ని మామూలు లీకే అనుకుని పూడ్చబోతుంది. అందుకే ఇంజనులో ఎయిర్ ఫ్లో ఇండికేటరు అనే మీటరు పెట్టారు. రిలే వాల్వు ద్వారా పైపులోకి ఎంత గాలి పోతోందో అది చూపిస్తుంది. ముల్లు ఒక్కసారి ఎగిరితే వెనక ఏదో జరిగిందని లోకో పైలట్ గ్రహించి బ్రేకు వేస్తాడు. అంటే చైను మన కబురును లోకో పైలట్‌కు చేరుస్తుంది, బండిని ఆపే నిర్ణయంలో అతని చెయ్యి కూడా ఉంటుంది. కప్లింగు తెగి గొట్టం ఊడిపోతే సంగతి వేరు. అంత ధారను రిలే వాల్వు పూడ్చలేదు. పైపు క్షణాల్లో ఖాళీ అయి ప్రతి వ్యాగనూ తన బ్రేకు తాను వేసుకుంటుంది. పీడనం అంతగా పడిపోతే ఇంజను లాగడం కూడా దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉంది.

ఈ పూడ్చే శక్తి ఏమాత్రం ఉందో చూడటానికి షెడ్డుల్లో ఒక పరీక్ష చేస్తారు. పైపు కొసన 7.5 మిల్లీమీటర్ల రంధ్రమున్న మూత బిగించి కాకు తెరుస్తారు. గాలి హోరున బయటికి పోతూ ఉండగా ఒక నిమిషం పాటు చూస్తారు. పీడనం 4 కిలోల కిందికి దిగకూడదు. దిగితే కంప్రెసరు సరిగ్గా లేదనో, రిలే వాల్వు దారి పూడుకుందనో అర్థం. చూడటానికి ఎంత సాదా పరీక్ష! గొట్టం, మూత, మీటరు, గడియారం. కానీ బండి భవితవ్యాన్ని అది ఒక్క నిమిషంలో తేల్చేస్తుంది.

రిలే వాల్వుకు శత్రువులు ముగ్గురు: నీరు, నూనె, దుమ్ము. గాలిని కుదిస్తే అందులోని తేమ నీరై గొట్టాల్లో చేరుతుంది. కంప్రెసరు నూనె ఆవిరి దానితో కలిసి జిగటవుతుంది. పట్టాల దుమ్ము తోడైతే వాల్వు ఆని మూసుకునే సీటు మీద చిన్న పలుకు కూర్చుంటుంది. ఆ పలుకు చాలు, వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్టు దగ్గర అదే పనిగా సన్నటి బుస వినిపిస్తుంది. ముల్లు ఒక చోట నిలవదు. రబ్బరు పొర ముదిరి గట్టిపడితే చిన్న తేడాను పట్టుకోలేదు, మాటకు ఆలస్యంగా పలుకుతుంది. అందుకే షెడ్డుల్లో ట్యాంకుల అడుగున నీళ్లు వదులుతారు, గాలి ఆరబెట్టే డ్రయ్యర్లు పెడతారు, నిర్ణీత గడువుకు వాల్వును విప్పి రబ్బరు భాగాలన్నీ కొత్తవి వేస్తారు. అతుకుల మీద సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూస్తారు. కాజీపేట, విజయవాడ, గుత్తి, లాలాగూడ, రాయనపాడు, ఇలా మన రాష్ట్రాల షెడ్డుల్లో, వర్క్‌షాపుల్లో ఇంజన్లకో, పెట్టెలకో, వ్యాగన్లకో ఈ తరహా పని నిత్యం సాగుతూనే ఉంటుంది. చేతులకు గ్రీజు అంటిన ఆ మెకానిక్కు సీటు మీద వేలితో తడిమి గరుకు ఉందో లేదో చూస్తాడే, మన ప్రయాణ భద్రతలో ఆ వేలి కొసకు వాటా ఉంది.

మాటను యథాతథంగా అందించడమే రిలే వాల్వు ధర్మమన్నాను. అవసరమైతే దాన్ని ఒక లెక్క ప్రకారం మార్చేలా కూడా కట్టుకోవచ్చు. పొరల వైశాల్యాలు వేర్వేరుగా పెడితే ఇక్కడి ఒక కిలో అక్కడ కిలోన్నర కావచ్చు, అర కిలో కావచ్చు. బరువును బట్టి బ్రేకు మారాల్సిన చోట ఈ సూత్రం అక్కరకొస్తుంది. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగను ఖాళీగా 22 టన్నుల పైచిలుకు, సరుకుతో 81 టన్నులు. రెండింటికీ ఒకే బ్రేకు వేస్తే ఖాళీ వ్యాగను చక్రాలు తిరగడం మానేసి పట్టాల మీద జారతాయి, ఒక చోట అరిగి చదునవుతాయి. ఇప్పటి కొత్త రకం వ్యాగన్లలో స్ప్రింగులు ఎంత నొక్కుకున్నాయో చూసి బరువును కనిపెట్టే పరికరం ఉంటుంది. సరుకుంటే సిలిండరుకు 3.8 కిలోలు, ఖాళీ అయితే 2.2 కిలోలు అందేలా అది చూసుకుంటుంది.

రిలే వాల్వుకు రోడ్డు మీద కూడా చుట్టాలున్నాయి. పెద్ద బస్సుల్లో, లారీల్లో వెనక ఇరుసు డ్రైవరు కాలికి దూరం. పెడలు నుంచి అంత దూరం గాలి నింపుతూ కూర్చుంటే బ్రేకు ఆలస్యమవుతుంది. అందుకని వెనక ఇరుసు దగ్గర రిలే వాల్వు పెట్టి, అక్కడే ఉన్న ట్యాంకు గాలితో బ్రేకు వేయిస్తారు. పెడలు గాలి కబురు మోస్తుంది, ట్యాంకు గాలి పని చేస్తుంది.

కంప్యూటర్లు వచ్చాక దీని రోజులు చెల్లాయేమో అంటారా? చెల్లలేదు. డబ్ల్యూడీజీ-4 లాంటి డీజిలు ఇంజన్లలో బ్రేకును కంప్యూటరు నడిపిస్తుంది. విద్యుత్ ఇంజన్లలోనూ పిడి నుంచి వెళ్లేది ఇప్పుడు ఎక్కువగా విద్యుత్ సంకేతమే. ఆ సంకేతాన్ని చిన్న విద్యుత్ వాల్వులు కొద్దిపాటి గాలి పీడనంగా మారుస్తాయి. ఆ కొద్దిపాటి గాలిని అందుకుని పైపు మొత్తాన్ని నింపేది, ఖాళీ చేసేది చివరికి రిలే వాల్వే. మాట చెప్పే చోట మనిషి మారాడు, కంప్యూటరు వచ్చింది. మాట నిలబెట్టే చోట మాత్రం ఆ రబ్బరు పొర అలాగే ఉంది.

ఇంజనీరింగు చదివే పిల్లలకు నేను గట్టిగా చెప్పాలనుకునేది ఒకటుంది. ఫీడ్‌బ్యాక్ కంట్రోలు అని మీరు తరగతిలో సమీకరణాలతో నేర్చుకుంటారు. దాన్ని చేత్తో తాకి చూడాలంటే దగ్గర్లోని షెడ్డుకో, ఐటీఐకో వెళ్లి ఒక పాత రిలే వాల్వును విప్పి చూడండి. కోరినది ఎంత, ఉన్నది ఎంత, తేడా ఎంత, ఆ తేడా పోయేదాకా పని చెయ్యి, పోగానే ఆగు. కరెంటు లేకుండా, ఒక్క అక్షరం ప్రోగ్రాం రాయకుండా, ఓ రబ్బరు పొర, ఓ స్ప్రింగు, రెండు సీట్లతో ఈ తర్కమంతా నడుస్తోంది. బలం ఎవరికైనా అద్దెకు దొరుకుతుంది. ఆ బలాన్ని చెప్పినంతకు కట్టుబడేలా చేయడమే ఇంజనీరింగు. వేల టన్నుల బరువును కొండ మీంచి దించే పని మనుషుల చేతికి ఇవ్వగలుగుతున్నామంటే, ఆ నమ్మకానికి ఇలా చెప్పిన మాట జవదాటని వస్తువులే పూచీ.